నాలుగో ప్రశ్న

హన్మకొండ స్టేడియం, పొద్దుగాల ఆరున్నర.
సిమెంటు మెట్ల మీద మంచు ఇంకా ఆరలే.
నా సంకల నూట ఇరవై కాయితాలు,
కాయితానికి ఇరవై ఏడు ప్రశ్నలు,
ప్రశ్నకు నాలుగు గడులు:
అస్సలు లేదు, కొంచెం, బాగనే, చాలా.
పోటీకి గంట ముందు టిక్కులు పెట్టించుకుంటే
భయం ఎంతో తేలుతదని మా గైడు సారు నమ్మకం.

మగపిల్లలకు నీలం ఫైలు, ఆడపిల్లలకు గులాబి.
రంగులు నేను ఏరుకున్నవి కావు,
చౌరస్తా దుకాణంల ఆ రెండే మిగిలినయి.

ఈసం తిరుమలేశ్, తాడ్వాయి,
నాలుగు వందల మీటర్లు.
గోడకు ఒరిగి కూసున్నడు.
జోకులు అతనియే, నవ్వుడూ అతనిదే.
ఐదోసారి మూత్రానికి లేస్తూ
"నీళ్లు జరంత ఎక్కువ తాగినక్కా" అన్నడు.
నేను అడగనే లేదు.

నాలుగోది: గుండె దడదడలాడుతున్నదా?
అస్సలు లేదు.
ఎంత గట్టిగ గీసిండంటే
కింది కాయితం మీద గూడ అచ్చు పడ్డది.
ఆ కాయితం అందుకున్న పిల్లగాడు
ఆలోచించకుంట
ఆ గాడిలనే పెన్ను నడిపిండు.

తిరుమలేశ్ తిరిగి ఇచ్చినప్పుడు
మూలన బొటనవేలంత తడి.
తడికి మార్కులెన్నో
నా దగ్గరున్న పట్టికల లేదు.

గులాబి ఫైలు దిక్కు
గుగులోతు శాంతి, లాంగ్ జంప్,
మూడోసారి జడ విప్పింది.
పిన్నులు పండ్ల నడుమ పట్టుకొనే
ప్రశ్నలు పైకి చదువుతున్నది.
చాలా. చాలా. చాలా.
దాచుడు తెల్వని చెయ్యి.
కడుపు బిగపట్టినట్టున్నదా అన్న కాడ ఆగింది.
"అక్కా, ఇది భయానిదా, నెలదా?
రెండూ అయితె ఏ గడిల పెట్టాలె?"
సారుకు ఫోన్ చేద్దామనుకున్న.
చెయ్యలే.
"అంచుకు రాయి" అన్న.
రాసింది:
మాకు తెల్ల నిక్కర్లు ఎవలు కొన్నరు?

రేపు లెక్కలు కూడితే
ఆడపిల్లలకు భయం ఎక్కువని తేలుతది.
ఆ వాక్యం నేనే టైపు చేస్త.

మూడేండ్ల కింద
ఇదే ట్రాకు మీద, ఐదో లేన్ల,
నేనూ మోకాలు ఆనించిన.
తుపాకి ముందుగాల నా చెవులనే పేలింది.
ఇంకెవలకూ ఇనవడలే.
రెండడుగులు ఉరికిన, అంతే,
ఎర్రకార్డు.
చూపినాయన ముఖం యాదికి లేదు,
ఆయన వేలి పచ్చరాయి ఉంగరం ఉన్నది.
ఇంటికాడ మడిమె పట్టేసిందని చెప్పిన.
నెల దాక కుంటిన గూడ.

పదకొండింటికి నాలుగు వందలు.
మూడు వందల దాక తిరుమలేశే ముంగట.
ఆఖరి మలుపు తిరిగినంక
కాళ్లు ఎవలియో అయినయి.
ఐదోడు.
అదే యాళ్లకు గాలి లేసి
గులాబి కాయితాలు ఎగిరితే ఏరుకుంట
శాంతి మూడో జంపు నేను చూడలే.
ఇసుక గుంత దిక్కు నుంచి చప్పట్లు విన్న,
ఎన్ని మీటర్లకో, అసలు ఎవలకో.

ఎండ ముదిరినంక వచ్చిండు,
స్పైకులు చేతుల పట్టుకొని, ఉత్త సాక్సుల మీద.
"అక్కా, నా కాయితం ఒక్కసారి ఇస్తవా?
నాలుగోది తప్పు పెట్టిన."

పోటీ అయినంక దిద్దనియ్యద్దు.
మొదటి పేజీలనే ఉన్నది, నియమం మూడు.
నీలం ఫైలు తెరిచి ఇచ్చిన.
అతని పెన్ను రాయలే.
అరచేతి మీద నాలుగుసార్లు గీకి చూసిండు,
చర్మం ఎర్రబడ్డది గని సిరా రాలే.
"ఆగు" అని
నా సంచంత మెట్ల మీద గుమ్మరించిన.
బస్సు టికెట్లు, గ్లూకోజు పొట్లం,
నాలుగు మడతల పాత చెస్ట్ నంబరు, పిన్నుతోటే.
నంబరు దిక్కు చూసిండు.
ఏం అడగలే.
దాని కింది నుంచి పెన్సిలు తీసుకున్నడు.